పెంపకం లేని పిల్ల

"దీనికి పెంపకం లేదట, వదినగారూ!" అంది మా మరదలు.

మన వైపు ఈ మాట ఎవరినైనా అంటే ఊరుకుంటారా? పిల్ల ఎదురు సమాధానం చెప్పినా, పెళ్ళిపందిట్లో గట్టిగా నవ్వినా చాలు, ముందు వచ్చే మాట అదే. తమాషా ఏమిటంటే ఆ మాట పిల్లకి తగలదు, తిన్నగా వెళ్ళి వాళ్ళమ్మకి తగుల్తుంది. అంచేత నేను ఉలిక్కిపడి, ఎవర్ని అంటోందా అని అటూ ఇటూ చూశాను. ఎవర్నీ కాదు, బల్లమీదున్న గ్లాసుని. అందులో నాలుగు నెలల కిందట పండ్లుగా ఉన్న ఎర్రవైను, నేరేడుపండ్లు తిన్నవాళ్ళ నాలిక రంగులో మెరుస్తోంది.

ఇది జరిగింది స్పెయిన్‌లో, రియోహా అలవేసా అనే ప్రాంతంలో, లగ్వార్దియా అనే కొండమీది ఊళ్ళో. కిందటేడు ఫిబ్రవరిలో మా తమ్ముడి దగ్గరికి బిల్బావు వెళ్ళాను. వాడక్కడ ఇంజనీరు. ఓ ఆదివారం, "అక్కా, ఎప్పుడూ ఆ కాగితాలేనా, పద" అని కారెక్కించి, కొండలు దాటించి ఈ ఊరు తీసుకొచ్చాడు. మరదలికి స్పానిష్ బాగా వచ్చు. ఆ ఇంటి యజమానురాలు చెప్తోంటే ఈ అమ్మాయి తెలుగు చేసి పెడుతోంది.

స్పానిష్‌లో 'క్రియాంథా' అంటే పెంపకమట. పిల్లల్ని పెంచడానికీ అదే మాట, కోళ్ళని పెంచడానికీ అదే మాట, వైనుని పీపాలో పోసి ఏళ్ళ తరబడి ఉంచడానికీ అదే మాట. పీపా మొహం చూడకుండా, పండిన కొద్ది నెలల్లోనే సీసాలోకి వచ్చేసేదాన్ని 'హోవెన్' అంటారు. పడుచుది అని అర్థం. దానికే ఇంకో పేరు 'సిన్ క్రియాంథా'. అంటే పెంపకం లేనిది!

ఇక్కడ ఓ సంగతి చెప్పేసి ముందుకు వెళ్తాను. వారపత్రికలో వైను గురించి రాస్తోందేమిటీవిడ అని మీలో కొందరు నొసలు ముడేస్తారని నాకు తెలుసు. వేయాల్సిందే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాన్ని మూయించినప్పుడు నేను స్కూల్లో చదువుతున్నాను. 1993 అక్టోబరు నుంచి సారా బందయింది. 1995 జనవరిలో మొత్తం మద్యమే బందయింది. 1997లో మళ్ళీ తలుపులు తెరిచారు. మా వీధిలో బట్టలుతికే ఆవిడ జీతం డబ్బులు మా అమ్మ దగ్గర దాచుకునేది, మొగుడికి దొరక్కుండా. నా దృష్టిలో మద్యం అంటే ఇప్పటికీ ఆవిడ చెంగు కొసన వేసిన ముడే. స్పెయిన్‌లో తాగి పాడయ్యేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. కనక నేను దాని గొప్ప చెప్పి మిమ్మల్ని తాగమనడానికి కూర్చోలేదు. అసలు అక్కడ రుచి చూసేవాళ్ళు పుక్కిలించి ఉమ్మేయడానికి బల్లమీద ఓ పాత్ర పెడతారు. ఆ మర్యాద నాకు నచ్చింది. ఆరోజు నేను మింగినది మహా అయితే అరగ్లాసు.

మరి ఎందుకు రాస్తున్నాను? ఎందుకంటే, రుచి చూసి తీర్పు చెప్పడమనేది ఒక కళ. ఇరవయ్యేళ్ళుగా నా రాతలమీద ఇతరుల తీర్పులు వింటున్నదాన్ని గనక ఆ కళమీద నాకు కొంచెం పాత కక్ష ఉంది. పైగా ఆరోజు నా సంచీలో నా మొదటి నవల ప్రూఫులున్నాయి.

ఇరవైమూడేళ్ళప్పుడు రాసిన నవల అది. దాన్ని మళ్ళీ వేస్తామని ప్రచురణకర్తలు ముందుకొచ్చి, "అవసరమనుకుంటే సవరించండి" అని ఓ మాట అన్నారు. అవసరమనుకోక ఏంచేస్తాను! ఆ నవల మొదటిసారి వచ్చినప్పుడు ఓ పెద్దాయన "రచయిత్రికి చెయ్యి ఉంది, కానీ ఇంకా ఊరాలి" అని రాశారు. ఆ ఒక్క వాక్యం నా వెంట ఇన్నేళ్ళూ నడిచొచ్చింది. బిల్బావులో మా తమ్ముడింట్లో కూర్చుని ఎర్రసిరాతో కొట్టేయడం మొదలుపెట్టాను. లగ్వార్దియా వెళ్ళేనాటికి నలభై పేజీలు పోయాయి.

సరే, వైను దగ్గరికి వద్దాం. స్పెయిన్ వైను సీసా కొనాలంటే ముందు వయసుల లెక్క తెలియాలి. రియోహా సీసాలకి వెనక చిన్న ముద్రకాగితం అంటిస్తారు. ఆకుపచ్చ కాగితమైతే ఎక్కువగా పడుచు వైను, పెంపకం లెక్కలోకి రానిది. తర్వాతి మెట్టు క్రియాంథా. రెండేళ్ళు దాటాలి, అందులో కనీసం ఒక ఏడు పీపాలో ఉండాలి. ఆపైన రెసేర్వా. మూడేళ్ళు, అందులోనూ ఏడాది పీపాలో. అన్నిటికన్నా పైన గ్రాన్ రెసేర్వా. అయిదేళ్ళు, పీపాలో రెండేళ్ళు, సీసాలో రెండేళ్ళు తగ్గకుండా. దానికి నీలం కాగితం. ఇవి రియోహా లెక్కలు. దేశంలో తక్కినచోట్ల కొంచెం వెసులుబాటు ఉంది, క్రియాంథాకి పీపాలో ఆరునెలలు చాలు. కొన్నిచోట్ల రెండింటికీ మధ్య 'రోబ్లే' అని ఒకటి పెడతారు. రోబ్లే అంటే ఓక్ చెట్టు. కొద్దినెలలు మాత్రం పీపా వాసన చూపించి తీసేస్తారు. సెలవులకి అమ్మమ్మగారింట్లో ఉండొచ్చిన పిల్లలాగా అనుకోండి.

చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఒక్కటి గమనించండి. ఈ మెట్లు కొలిచేది కాలాన్ని. రుచిని కాదు, ఏ నేలలో పండిందన్నదీ కాదు. ఎన్ని నెలలు పీపాలో ఉంది, ఎన్ని నెలలు సీసాలో ఉంది, అంతే. అయినా దుకాణంలో నిలబడ్డ మనిషి మనసుకి మాత్రం మెట్టు ఎక్కినకొద్దీ మంచిదని అనిపిస్తుంది. ధరా అలాగే పెరుగుతుంది.

మనకీ ఉంది ఈ లెక్క. పాత బియ్యం, పాత చింతపండు, పాత బెల్లం అంటే గౌరవం. కానీ మన ఇళ్ళలో ఇంకో లెక్కా ఉంది. సంక్రాంతి పొంగలికి కొత్త బియ్యమే కావాలి. కొత్తావకాయ కలిపిన రోజున వేడన్నంలో మొదటి ముద్ద ఉంటుంది చూశారూ, ఆ ఘాటు, ఆ పచ్చి ఆవపిండి వాసన, ఇంకా కరకరలాడే ముక్క, అది నెల తర్వాత కావాలంటే దొరుకుతుందా? ఆర్నెల్లు ఊరిన ఆవకాయ రుచి వేరు. రెండూ మన జాడీలోవే. కొత్తావకాయని పట్టుకుని, ఇది పాత ఆవకాయ కాలేకపోయింది పాపం అని ఏ ఇల్లాలూ అనదు.

ఇంతకీ ఈ పడుచు వైను ఎలా చేస్తారో ఆవిడ స్వయంగా చూపించింది. లగ్వార్దియా ఇళ్ళ కింద నేలమాళిగలు తవ్వి ఉంటాయి, ఊరంతా లోపల డొల్ల. అందుకే ఊళ్ళోకి కార్లు రానివ్వరు. గోడ బయట ఆపి నడవాల్సిందే. ఆవిడ తొట్టి మాత్రం పైనే, ఇంటి వెనక. మనిషి లోతున్న సిమెంటు తొట్టి. అక్టోబరులో కోసిన ద్రాక్షగుత్తుల్ని ఒలవరు, చిదమరు, కాడలతో సహా అందులో పోస్తారు. అడుగు పండ్లు పైబరువుకి నలిగి రసం ఊరి పులియడం మొదలుపెడతాయి. అప్పుడు పుట్టే వాయువు తొట్టి అంతా నిండుతుంది. పైనున్న పండ్లు ఆ వాయువులో మునిగి, తొక్క చెక్కుచెదరకుండానే లోలోపల పులవడం మొదలుపెడతాయి. బయటికి పండు పండులాగే ఉంటుంది, లోపల మాత్రం అంతా మారిపోతూ ఉంటుంది. మరదలు ఈ మాట తెలుగు చేస్తూ చేస్తూ నవ్వేసింది, "పదహారేళ్ళ పిల్లలాగా, వదినగారూ" అని.

వారం పదిరోజులయ్యాక తొట్టి కింద తూము తీస్తారు. తనంతట తాను కారి వచ్చేది మొదటి రసం. దాని పేరు 'లాగ్రిమా', అంటే కన్నీరు. తర్వాత తొట్టిలోకి దిగి కాళ్ళతో తొక్కుతారు. అప్పుడొచ్చేది 'కొరథోన్', అంటే గుండె. మిగిలిన పిప్పిని మరలో పిండితే వచ్చేది 'ప్రెన్సా', అంటే పిండినది. కన్నీరు పల్చన, గుండె చిక్కన, పిండినది మొరటు. ఎవరి కోసం పెట్టారో గానీ ఈ పేర్లు, మన నవలా రచయిత్రులం నలుగురం కూర్చుని పెట్టినట్టున్నాయి!

ఆవిడ పోసింది గుండె రసం. నా తీర్పు చెప్తాను, వినండి.

రంగు చెప్పానుగా, నేరేడు. అంచున ఊదా. ముక్కు దగ్గర పెట్టుకోగానే నాకు ముందు తగిలింది అరటిపండు వాసన. ఎర్రవైనులో అరటిపండేమిటని మా తమ్ముడు వెటకారం చేశాడు గానీ, ఇలా గుత్తులతో పులిసిన వైనుకి ఆ వాసన సహజమేనని ఆవిడ ధ్రువపరిచింది. నాకు ప్రాణం లేచొచ్చింది. వెనకాల అతిమధురం, ఇంకా వెనకాల అప్పుడే కోసిన పచ్చికాడ. నోట్లో పెడితే పులుపు ముందుకొస్తుంది. వాక్కాయ అంత కాదు, రేగుపండంత. తర్వాత పండు తీపి ఉన్నట్టు అనిపిస్తుంది గానీ నిజానికి తీపి లేదు. ఇక వగరు, ఉండీ లేనట్టు.

ఈ వగరు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. వైను విమర్శకులు పేజీలకి పేజీలు రాసేది దీని గురించే. ఎర్రవైను నాలుకని పట్టేసి, చెంపల లోపల గీకినట్టు చేస్తుందే, అది. తొక్కలోంచీ, గింజలోంచీ, కాడలోంచీ, పీపా చెక్కలోంచీ వస్తుంది. ఇంగ్లీషువాళ్ళు దానికో రసాయనం పేరు పెట్టుకుని అవస్థ పడతారు. మనకి ఆ బాధ లేదు. వక్క, మారేడు పిందె, పచ్చి అరటికాయ తొక్క, మరిగి మరిగిన డికాక్షను, ఇవన్నీ తెలిసిన నాలుకలు మనవి. షడ్రుచుల్లో ఒకటిగా ఉగాదినాడు పూజించి మరీ తింటాం. అంచేత వైను సంగతి ఏమీ తెలియని తెలుగు ఇల్లాలు కూడా ఆ విషయంలో విమర్శకురాలే. పండు లోలోపల పులిసిందిగనక గింజ వగరు అంతగా దిగలేదు. అదీ రహస్యం. వగరు లేకపోతే నిలవుండదు. ఏడాది, మహా అయితే ఇంకొంచెం. ఉప్పూ నూనే తగ్గిన ఆవకాయలాగే. ఎన్నాళ్ళో ఉండనని దానికి తెలుసు కాబోలు, ఉన్నన్నాళ్ళూ దాచుకోకుండా మాట్లాడుతుంది.

ఒకప్పుడు రియోహా అంతా ఇదే తాగేది. పండించిన రైతే చేసి, ఏడాది తిరక్కుండా ఖర్చుపెట్టేవాడు. ఇప్పటికీ ఈ రకాన్ని 'కొసెచేరో' అంటారు, కోతమనిషి అని. 1780లలో మనువేల్ కింతానో అని ఒకాయన, ఆ పక్కూరు లబాస్తీదా వాడు, ఫ్రాన్సులో బోర్దో వెళ్ళి పీపాలో నిలవచేసే పద్ధతి నేర్చుకొచ్చాడు. నిలవచేస్తే ఖర్చు కదా, ఎక్కువ ధర అడిగాడు. ఊరి అధికారులు ససేమిరా అన్నారు. పాతదైనా కొత్తదైనా ఒకటే ధర, అందరూ అదే ధరకి అమ్మాలన్నారు. పాపం, ఆయన పని అలా మూలపడింది.

మళ్ళీ డెబ్భై ఏళ్ళు పట్టింది. 1850ల్లో మార్కేస్ దె మురియెతా, మార్కేస్ దె రిస్కాల్ అనే జమీందార్ల కొట్లు బోర్దో పద్ధతిని మళ్ళీ తెచ్చాయి. ఆ తర్వాత ఫ్రాన్సు ద్రాక్షతోటల్ని ఓ వేరుపురుగు తినేస్తే, బోర్దో వర్తకులే వైను కోసం కొండలు దాటి రియోహా వచ్చారు. వాళ్ళతోపాటు 225 లీటర్ల పీపా వచ్చింది. ఆరో అనే ఊళ్ళో రైల్వేస్టేషను చుట్టూ పెద్దపెద్ద కొట్లు లేచాయి. అక్కణ్ణించి లెక్క తలకిందులైంది. కింతానో రోజుల్లో పాతదానికి అన్యాయం జరిగింది, తర్వాత కొత్తదానికి. మనుషులకి ఒకదాన్ని మెచ్చుకోవాలంటే పక్కదాన్ని కిందకి తొయ్యాల్సిందే కాబోలు.

నేను పక్షపాతంతో మాట్లాడుతున్నానని అనుకోకండి. ఆ సాయంత్రం లొగ్రోన్యో పట్నంలో లౌరెల్ వీధికి వెళ్ళాం. సన్నటి సందు, రెండువైపులా చిన్నచిన్న తినుబండారాల కొట్లు, ఒక్కో కొట్టులో ఒక్కో వంటకం పేరుపడింది. అక్కడ గ్రాన్ రెసేర్వా ఒక్క గుక్క రుచి చూశాను. రంగు ఇటుకలా మారింది. వాసన పాత బీరువా తెరిచినట్టు. ఎండిన అంజూరం, తోలు అట్ట పుస్తకం, వాటిమీద ఎండుకొబ్బరి. కొబ్బరి ఎక్కణ్ణించి వచ్చిందంటారా? రియోహాలో పాతకాలం నుంచీ అమెరికా ఓక్‌తో చేసిన పీపాలు వాడతారు. ఆ చెక్క కొబ్బరి, వెనిలా వాసనలిస్తుంది. అంతా అణిగి, కలిసి, దేనికది తెలిసీ తెలియకుండా ఉంది. నెమ్మదిగా మాట్లాడే ముసలావిడ పక్కన కూర్చున్నట్టనిపించింది. అది గొప్ప వైను. కాదన్నవాళ్ళకి నోరు లేనట్టే.

కానీ అదే వీధిలో ఇంకో కొట్టులో ఇంకో రెసేర్వా రుచిచూస్తే, కొబ్బరీ వెనిలా తప్ప ఏమీ లేదు. ద్రాక్ష ఎక్కడుందో వెతుక్కోవాలి. మనలో కొందరు రాస్తాం చూడండి, ఉపమానాల మీద ఉపమానాలు పేర్చి, చివరికి కథలో ఏం జరిగిందో చెప్పడం మర్చిపోతాం, అలాగ. పెంపకం ఎక్కువై పిల్ల మాయమైంది.

పడుచు వైనులన్నీ మంచివని కూడా నేననను. మర్నాడు బిల్బావులో సూపర్‌బజారుకి వెళ్ళి, సినిమా టిక్కెట్టు కన్నా తక్కువ ధరకి ఒక హోవెన్ సీసా తెచ్చాను. పిప్పరమెంటు బిళ్ళ వాసన, నీళ్ళలాంటి రుచి, గొంతులో మంట. పడుచుదనం తప్ప ఇంకేమీ లేని పడుచుది. పీపాలకి మంచి పండ్లు ఏరి పెట్టి, మిగిలినవాటితో ఆకుపచ్చ కాగితం సీసా నింపే కొట్లూ ఉంటాయట. అప్పుడు పడుచు వైను తక్కువరకం కాక ఏమవుతుంది? మగపిల్లాడికి మీగడ పెరుగు వేసి, ఆడపిల్లకి మజ్జిగ పోసి, తర్వాత ఇది బలంగా ఎదగలేదేమని అడిగినట్టు.

స్పెయిన్ అంటే రియోహా ఒక్కటే కాదు లెండి. ప్రపంచంలోకెల్లా ఎక్కువ నేలలో ద్రాక్ష వేసిన దేశం అది. రియోహా ఎర్రవైనుకి మూలమైన ద్రాక్ష పేరు తెంప్రనియో. తొందరగా పండేదని అర్థం. అదే ద్రాక్షని రిబేరా దెల్ దుయేరోలో తింతో ఫినో అంటారు, లా మంచాలో థెన్సిబెల్ అంటారు, కతలూన్యాలో 'కుందేలు కన్ను' అంటారు. అత్తవారింట పేరు మార్చిన కోడలిలాగా వెళ్ళినచోటల్లా పేరు మారుతుంది, కొంత స్వభావమూ మారుతుంది. రిబేరాలో పగలు ఎండ, రాత్రి చలి. అక్కడ తొక్క మందమై వగరు గట్టిపడుతుంది. అక్కడి వేగా సిసీలియా అనే కొట్టు తన పెద్ద వైనుని ఇంచుమించు పదేళ్ళు దాచి గానీ బయటికి వదలదు. దక్షిణాన హుమియాలో మొనాస్త్రెల్ అనే ద్రాక్ష, ఎండకి మాడి మాడి చిక్కని వైనిస్తుంది.

వీటన్నిటికన్నా నన్ను ఆపేసింది హెరేథ్ పద్ధతి. అది చూడ్డానికి వెళ్ళలేదు, మా తమ్ముడి పుస్తకాల్లో చదివాను. షెర్రీ అని మనం విన్న వైను అక్కడిదే. పీపాలు వరసమీద వరసగా పేరుస్తారు. అట్టడుగు వరస 'సొలేరా', అన్నిటికన్నా పాతది. పై వరసలు 'క్రియాదేరా', పెంచే చోట్లు, పసిపిల్లల గదులు. అడుగు పీపాలోంచి కొంచెం తీసి సీసాల్లో నింపుతారు. ఎప్పుడూ మొత్తం ఖాళీ చెయ్యరు. తీసినంత మేర పై వరసలోంచి పోస్తారు. పై వరసలో తగ్గినదాన్ని దాని పైవరసలోంచి. చిట్టచివర కొత్త వైను. ఫినో అనే రకం మీద తెల్లటి పొరకడుతుంది, పువ్వు అంటారు దాన్ని. ఆ పొరే దాన్ని గాలినుంచి కాపాడుతుంది. కొత్త వైను వచ్చి చేరకపోతే ఆ పొరకి తిండి లేక చచ్చిపోతుంది. చూశారా మరి! అంత పాతదీ బతుకుతున్నది ఏటేటా వచ్చే పడుచుదాని పుణ్యాన. మన తోడు పెట్టే గిన్నెలాంటిదే, కాకపోతే ఇక్కడ పాత పెరుగు కొత్త పాలని పెరుగు చేస్తుంది, అక్కడ కొత్తది పాతదాన్ని నిలబెడుతుంది.

వయసుల మెట్లమీద స్పెయిన్‌లోనే గొడవ మొదలై చాలాకాలమైంది. 1985లో ఇదే లగ్వార్దియాలో కొందరు సాగుదారులు కలిసి పడుచు వైనులు చేసే సంఘం పెట్టుకున్నారు. ఆర్తాదీ అని పేరు. తర్వాత తర్వాత క్రియాంథా, రెసేర్వా మాటలు మానేసి, ఏ తోటదో ఆ తోట పేరుతో వైను చెయ్యడం మొదలుపెట్టారు. 2015 చివర్లో రియోహా ముద్రే మాకక్కర్లేదని బయటికి వచ్చేశారు. అప్పుడు పెద్దల్లో కదలిక వచ్చింది. 2017లో రియోహా మండలి, ఒకే తోట నుంచి వచ్చే వైనుకి ప్రత్యేక గుర్తింపు ఇస్తామంది. ఎన్నేళ్ళదని కాక, ఎక్కడిదని అడగడం నేర్చుకున్నారన్నమాట.

కాని ఆ ఇంట్లో గొడవ ఇంత పెద్ద మాటలది కాదు. ఆవిడ కొడుకు, ముప్ఫై ఏళ్ళుంటాయి, నేలమాళిగలో ఓ మూల పీపాలు కొని పెట్టుకున్నాడు. వాళ్ళకున్న పొలాల్లో అన్నిటికన్నా పాత తోట, తాతగారు నాటింది, దాని పండ్లు ఈసారి పీపాలకే పోస్తానంటాడు. ఆవిడ వద్దంటుంది. ఆ పాత తీగల పండువల్లే నా తొట్టికి రుచి, అది తీసేస్తే నా హోవెన్ బజారు హోవెన్ అయిపోతుంది అంటుంది. కొడుకు ఏమన్నాడో మరదలు కాస్త తటపటాయించి తెలుగు చేసింది. "వచ్చినవాళ్ళంతా అమ్మ వైను బాగుందంటారు. కొనేటప్పుడు మాత్రం పీపాది కొనుక్కుపోతారు. మెచ్చుకోలుతో తోట దున్నగలమా?" అన్నాడట.

నేను గట్టిగా ఆవిడ పక్షం వహించాను. రుచి గురించీ, నిజాయితీ గురించీ మా తమ్ముడికి విసుగొచ్చేదాకా మాట్లాడాను. ఆవిడ సంతోషించి, ఎండిన ద్రాక్షకొమ్మల నిప్పుమీద కాల్చిన ఎర్రమిరపకాయలు పెట్టింది. కారం లేని మిరపకాయలు, కొంచెం తీపి, కొంచెం పొగవాసన. ఆ పడుచు వైను పులుపుకీ వాటికీ జత కుదిరింది. నేనైతే పెళ్ళిసంబంధం కలిసినంత సంబరపడ్డాను.

తిరిగొచ్చేటప్పుడు మావారి స్నేహితుడికి కానుకగా ఏదైనా తీసుకెళ్ళాలని గుర్తొచ్చింది. లొగ్రోన్యోలో దుకాణానికి వెళ్ళి, ఇటూ అటూ చూసి, నీలం కాగితం సీసా కొన్నాను.

కారులో కూర్చున్నాక తమ్ముడు నవ్వుతున్నాడు. "ఏంట్రా?" అన్నాను. "ఏం లేదక్కా" అన్నాడు. ఏం లేకపోవడమేమిటి? ఆకుపచ్చ కాగితం సీసా తీసుకెళ్ళి ఇస్తే ఆయన ఏమనుకుంటాడోనని భయపడ్డాను. నాలుకకి తెలిసినదాన్ని నేను నమ్మలేదు. ఆ అబ్బాయి చెప్పిన పదిమందిలో నేను పదకొండోదాన్నయ్యాను. సిగ్గేసి, కారు వెనక్కి తిప్పమని, ఆవిడ దగ్గర రెండు ఆకుపచ్చ సీసాలు కొన్నాను. బేరమాడలేదు. రెండు సీసాలతో తోట నిలబడదని నాకూ తెలుసు.

ఆ రాత్రి ప్రూఫులు మళ్ళీ తీశాను. కొట్టేసిన నలభై పేజీలూ వరసగా చదివాను, మొదటిసారి చదివినట్టు. కథానాయిక అత్తగారిమీద అరిచే సన్నివేశం, ఇప్పుడైతే అంత గట్టిగా అరిపించను. తల్లి పోయినప్పుడు ఏడవక వంటింట్లోకి వెళ్ళి పప్పు రుబ్బే సన్నివేశం, ఇప్పుడైతే దానికి రెండు పేరాల వివరణ రాస్తాను. అప్పుడు రాయలేదు. ఆ పిల్లకి వివరించడం రాదు, తెలిసింది చెప్పేసింది. పచ్చిగా ఉందా అంటే ఉంది. కానీ అది ఇప్పుడు రాయమంటే నాకు చేతకాదు.

అలాగని మొత్తం వెనక్కి పెట్టానా? లేదు. నలభైలో ముప్ఫైనాలుగు పేజీలు తిరిగి చేర్చాను. ఆరు మాత్రం పోయాయి. అవి ఆ వయసువి కావు. పేరున్న రచయిత్రుల్లా రాయాలని ఆ ఇరవైమూడేళ్ళ పిల్ల ఎక్కణ్ణించో తెచ్చి పూసుకున్న పీపా వాసన అది. ఊరాలన్న పెద్దాయన ఆ పేజీల్ని మాత్రం మెచ్చుకున్నారు, తమాషా చూడండి.

ఇక సీసాల సంగతి. నీలం కాగితం సీసా మావారి స్నేహితుడు భద్రంగా అద్దాల బీరువాలో పెట్టుకున్నారు, వచ్చినవాళ్ళకి చూపిస్తున్నారు. ఆకుపచ్చవాటిలో ఒకటి తమ్ముడింట్లోనే అయిపోయింది. రెండోదాన్ని మే నెలలో మా ఇంట్లో తీశాం. ఎంతో ఊహించుకుని, ఆరోజే కలిపిన కొత్తావకాయ పక్కన పెట్టాను. రెండూ పడుచువే కదా, కలిసిపోతాయనుకున్నాను. బొత్తిగా పడలేదు. ఆవపిండి ఘాటుకి ఆ వైను నోరు మెదపలేదు, ఆవకాయ ఒక్కటే మాట్లాడింది.

ఆ సంగతి చెప్పకపోతే విమర్శ పూర్తి కాదని చెప్పాను.